చైర్మన్ గారి కన్నీళ్లకు నేను రాసిన కారణం

కరోనా మాస్కులు జనం జేబుల్లోంచి పూర్తిగా మాయమైన ఏడాది, ఎండలు తగ్గుముఖం పట్టాక, మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఉన్న ఒక మందుల పరిశోధన సంస్థలో భద్రతా విభాగానికి జనరల్ మేనేజరుగా చేరాను. అది నా చివరి ఉద్యోగం. అల్వాల్‌లో ఇల్లు, పొద్దున్నే కంపెనీ బస్సు, సాయంత్రం మళ్లీ అదే బస్సు. మా విభాగాన్ని ఇ.హెచ్.ఎస్. అంటారు. పర్యావరణం, ఆరోగ్యం, భద్రత అని దాని అర్థం. పేరు ఎంత ఘనంగా ఉన్నా పని ఒక్కటే, ఎదుటివాడు చేయబోయేదాన్ని వద్దనడం. ఉద్యోగ జీవితమంతా వద్దు వద్దు అంటూ జీతం తీసుకున్నవాణ్ణి గనుక నా మాట కాస్త కటువుగా తగిలితే చదివేవారు సర్దుకోవాలి.

సంస్థ యజమానిది అత్వెల్లి. భూములున్న కుటుంబం. ద్రాక్షతోటలు పోయి ప్లాట్ల వెంచర్లు వచ్చాయి, వెంచర్ల డబ్బుతో ఈ ల్యాబులు లేచాయి. హోదాకు చైర్మన్, పాత ఉద్యోగులందరికీ మాత్రం పటేలే. రసాయన శాస్త్రం చదవలేదు గానీ మనుషులనూ మోటర్లనూ బాగా చదివినవాడు. రాబోయే స్థానిక ఎన్నికల్లో టికెట్టు కోసం అప్పుడప్పుడే పెద్దల గడపలు ఎక్కుతున్నారు. ఆయన కింద పరిశోధన విభాగానికి అధిపతి డాక్టర్ శశిధర్. శశిధర్ కింద గ్రూప్ లీడర్లు, వాళ్ల కింద కెమిస్టులు, అందరికన్నా కింద ఇంకా ప్రొబేషన్ పూర్తికాని కెమిస్టులు. ఏ ల్యాబులోనైనా మంచి పేరు పైనుంచి కిందికి రాదు, తప్పు మాత్రం జారుకుంటూ వచ్చి అట్టడుగునే ఆగుతుంది.

అట్టడుగున ఉన్న అమ్మాయి పేరు స్వరూప. గౌడవెల్లి పిల్ల, ఎమ్మెస్సీ. తండ్రి మేడ్చల్ గోదాముల్లో కూలికి పోతూ, దారిలో ఆమెను బండి మీద మా గేటు దగ్గర దించేవాడు. దించి వెంటనే వెళ్లేవాడు కాదు, బిడ్డ కార్డు గీకి లోపలికి పోయేదాకా చూసి అప్పుడు బండి తిప్పేవాడు. దసరా పోగానే ఆమె ఉద్యోగం ఖాయం కావాలి. కాకపోతే సంగతి ఇంకో ఉద్యోగం వెతుక్కోవడంతో పోదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఉన్న కంపెనీల హెచ్.ఆర్. అధికారులంతా ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటారు. భద్రతా నియమం తప్పినందుకు తీసేశారు అని ఒక్క మాట అందులో పడితే, ఆ మనిషికి ఈ పక్క ఏ ల్యాబు తలుపూ తెరుచుకోదు.

ఆ ఏడు ఆమెకు అప్పగించిన పని బెంజైల్ బ్రోమైడ్‌తో. టోల్యూన్ అనే మామూలు ద్రావకం తోకకు ఒక బ్రోమిన్ పరమాణువు తగిలిస్తే వచ్చే పదార్థం అది. చూడటానికి పరమ సాధువు. రంగులేని, లేదా ఒకింత పసుపు తిరిగిన ద్రవం, నీళ్లకన్నా బరువు. రెండు వందల డిగ్రీల దరిదాపుల్లో గానీ మరగదు, కాబట్టి గబగబా ఆవిరైపోదు. కొత్త కెమిస్టులు ఇక్కడే మోసపోతారు. ఆవిరయ్యేది కొంచెమే, కంటికి ఆ కొంచెం చాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని శత్రువుల కళ్ల మీదికి కన్నీటి వాయువుగా వదిలారు. ఇప్పుడు మందుల తయారీలో వాడుకుంటున్నాం. ఇంటికి సున్నం వేసేటప్పుడు బీరువా మీద దుప్పటి కప్పుతాం చూడండి, అలాగే అణువులో ఒక మూలను మిగతా చర్యల నుంచి కాపాడాలంటే అక్కడ బెంజైల్ ముక్కను కప్పి, పని అయ్యాక తీసేస్తాం. ఆ దుప్పటి ఈ సీసాలోంచి వస్తుంది.

దీన్ని పట్టుకునే పద్ధతి మొదటివారమే ప్రతి కెమిస్టు చేతా అప్పజెప్పించేవాణ్ణి. నైట్రైల్ రబ్బరు గ్లవ్స్ ఒకదాని మీద ఒకటి రెండు జతలు. కళ్లకు చుట్టూ మూసుకునే గాగుల్స్, మామూలు కళ్లజోడు పనికిరాదు. నీటితో నెమ్మదిగా కలిసి ఘాటైన ఆమ్లాన్ని వదులుతుంది గనుక తడి తగలని గాజు సీసాలో, చల్లటి చీకటి చోట ఉంచాలి, ఇనప డబ్బాల జోలికి పోకూడదు. పోయడం కాదు, చుక్కలు చుక్కలుగా జారవిడవాలి. పని అయ్యాక గాజు సామానును అక్కడికక్కడే పలచటి అమోనియా నీళ్లలో నానబెట్టి, దాని పొగరు అణిగాకే సింకు దగ్గరికి తేవాలి. కంట్లో పడితే నలపకూడదు, చేతిరుమాలు తీయకూడదు, చాలాసేపు నీళ్ల ధార కింద కళ్లు తెరిచి ఉంచాలి. వీటన్నిటికీ ముందు, సీసా మూత ఫ్యూమ్ హుడ్ లోపలే తీయాలి.

ఫ్యూమ్ హుడ్ అంటే ముందు గాజు తలుపున్న పెద్ద అలమర. ఆ తలుపును సాష్ అంటాం, పైకీ కిందికీ జరుగుతుంది. మా ల్యాబులో ఒక వరుసలో ఉన్న హుడ్లన్నిటి నుంచీ గొట్టాలు వెళ్లి పైన ఒకే పెద్ద గొట్టంలో కలుస్తాయి, ఆ గొట్టం మేడ మీద ఒక బ్లోయర్‌కు చేరుతుంది. బ్లోయర్ తిరుగుతున్నంతసేపూ ఆవిర్లు దాని చిమ్నీ గుండా పైకి పోతాయి. అది ఆగితే ఫ్యూమ్ హుడ్ ఉత్త అలమర.

ఇక దసరా. పండగ సెలవుకు ముందురోజు ల్యాబులో ఆయుధపూజ చేయడం ఆనవాయితీ. ఆ సంస్థలో నాకు అది మొదటి దసరా, అందుకని ముందుగానే బేరాలకు దిగాను. ద్రావకాలున్న చోట నిప్పు వద్దన్నాను. దీపం బ్యాటరీది పెట్టారు. అగరబత్తులు వెలిగించకుండా పెట్టెతో సహా అమ్మవారి ముందు పెట్టడానికి పంతులు గారు ఒప్పుకున్నారు, ఆయన మొహం మాత్రం ఒప్పుకోలేదు. కర్పూరం, కొబ్బరికాయ బయట వాకిట్లో. అమ్మవారి పటాన్ని తలుపు దగ్గరున్న మొదటి హుడ్‌లో, సాష్ పూర్తిగా పైకెత్తి, దాని పీఠం మీద నిలబెట్టారు. హుడ్ల అద్దాలకు పసుపు కుంకుమ బొట్లు, తూకం యంత్రాలకు బంతిపూలు. నిప్పును జయించానని నేను మురిసిపోయాను.

నాకు ఎవరూ చెప్పనిది మేడ మీది ఆచారం. అందరికీ తెలిసిన సంగతిని కొత్తవాడికి చెప్పాలని ఎవరికీ తోచదు. చైర్మన్ గారి తండ్రి అత్వెల్లిలో వ్యవసాయం చేసే రోజుల్లో దసరాకు బోరు మోటరుకు బొట్టు పెట్టి, దండ వేసి, మర్నాటి పొద్దు దాకా దాన్ని తిప్పేవాడు కాదట. ఏడాదంతా నీళ్లు తోడిన మోటరు ఒక్కరోజు విశ్రాంతి తీసుకోవాలని. కొడుకు ఆ పద్ధతిని బ్లోయర్లకు తెచ్చారు. దాన్ని తు.చ. తప్పకుండా జరిపేవాడు మా ఎలక్ట్రీషియన్ ఖాజా భాయ్. శామీర్‌పేట మనిషి. ఏటా సొంత ఖర్చుతో బంతిదండ తెచ్చి, చెప్పులు విడిచి మేడ ఎక్కి, స్విచ్ ఆపి, బ్లోయర్ చిమ్నీ మెడలో వేసేవాడు. ఇన్నేళ్లూ ఏమీ కాలేదు, ఎందుకంటే పూజ నాటికి ల్యాబు పనులన్నీ ముగించి హుడ్లు ఖాళీ చేసేవారు.

ఆ ఏడు ఖాళీ చేయలేదు. పండగ కాగానే విదేశీ కంపెనీకి సరుకు పంపాలి. పూజ ఉంది కదా, చర్య ఈ రోజు మొదలుపెట్టనా వద్దా అని స్వరూప పొద్దున్నే డాక్టర్ శశిధర్‌ను అడిగింది. పూజ ఎంతసేపు, కానివ్వమని ఆయన అన్నారు. ఆమె వరుసలో చిట్టచివరి హుడ్‌లో బెంజైల్ బ్రోమైడ్ చుక్కలు జారవిడవడం మొదలుపెట్టింది. పంతులు గారు అందరినీ పిలిచినప్పుడు చుక్కలు జారే గరాటు కుళాయి కట్టేసి, సాష్ కింది దాకా దించి, వచ్చి వెనకవరుసలో నిలబడింది. ఫ్లాస్కులో సరుకు వెచ్చగా తిరుగుతూనే ఉంది. సరిగ్గా అప్పుడే మేడ మీద ఖాజా భాయ్ చెప్పులు విడిచాడు.

గాలి తగ్గితే కూతపెట్టే అలారం ప్రతి హుడ్‌కూ ఉంటుంది. అది తన ధర్మం ప్రకారం కూతపెట్టింది. మంత్రాల నడుమ ఆ గోలేమిటని ఎవరో మ్యూట్ బొత్తాం నొక్కారు.

నేను వాకిట్లో ఇసుక బకెట్టు పక్కన పెట్టుకుని కర్పూరానికి కాపలా కాస్తున్నాను. గాజు తలుపులోంచి చైర్మన్ గారు కనిపిస్తున్నారు. మొదటి హుడ్ ముందు, అమ్మవారికి ఎదురుగా, చేతులు జోడించి నిలబడ్డారు. ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. మొదట ఒక చుక్క, తరవాత ధార. వెనక ఉన్నవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని చూపిస్తున్నారు. ఎక్కడికెళ్లినా ఆయన వెంట ఉండే మనిషి ఒకడు ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. కాసేపటికి పంతులు గారి గొంతు బొంగురుపోయింది, ఆయనా ఏడుస్తున్నారు. ఆ తరవాత ముందువరుస మొత్తం. నాస్తికుడినని చెప్పుకునే అకౌంటెంటు కూడా.

నేను లోపలికి అడుగుపెట్టగానే రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ముక్కులో సూది దిగినట్టుండే ఆ వాసన. రెండోది నిశ్శబ్దం. రోజంతా చెవుల్లో మోగే బ్లోయర్ హోరు లేదు. లోపలున్నవాళ్లంతా దాన్ని పూజ తాలూకు ప్రశాంతత అనుకున్నారు. అందరినీ బయటికి వెళ్లమని, కళ్లు నలపొద్దని గట్టిగా చెప్పాను. స్వరూప బయటికి వస్తూ వస్తూ చివరి హుడ్ కింద ఉన్న వేడి స్విచ్ ఆపి వచ్చింది. మేడ మీదికి ఫోన్ చేసి బ్లోయర్ వేయమన్నాను. ఖాజా భాయ్ నివ్వెరపోయాడు.

"రేపు పొద్దుగల దాంక బంద్ ఉంచమని పటేల్ సాబ్ చెప్పిండు సార్," అన్నాడు. "ఇంక కొబ్బరికాయ గూడ కొట్టలే."

అతనికి అప్పుడు నేనేం చెప్పానో ఇక్కడ రాయను. బ్లోయర్ తిరిగింది. గాలి ఒక్కసారి పైకి కొట్టేసరికి చిమ్నీ మెడలోని బంతిదండ తెగి, రేకులన్నీ ఎగిరి వాకిట్లో ఏడుస్తున్న జనం మీద పడ్డాయి. తుండుగుడ్డ కళ్లకు అడ్డంపెట్టుకున్న పంతులు గారు అది చూసి పుష్పవృష్టి అన్నారు.

తరవాత అందరినీ కళ్లు కడిగే నీళ్ల ధార దగ్గర వరుసగా నిలబెట్టాను. నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన ఉత్తమ విద్యార్థి పంతులు గారు, చెప్పినంతసేపూ రెప్ప వాల్చలేదు. చైర్మన్ గారు మాత్రం ఉద్యోగుల ముందు మొహం నీళ్లలో పెట్టడం బాగుండదనుకున్నారో ఏమో, వద్దని, మేడ్చల్‌లో ఇంకో పూజ ఉందని కారెక్కి వెళ్లిపోయారు. కంపెనీ డాక్టరు అందరినీ చూశారు. సాయంత్రానికి ఎర్రదనం తగ్గింది. ఎవరి చూపుకూ ఏమీ కాలేదు.

చూపుకు కాలేదు గానీ, చైర్మన్ గారి ఫోటోకు రెక్కలొచ్చాయి. కార్మికుల నడుమ, అమ్మవారి ఎదుట, చెంపల మీద నీళ్లతో ఆయన. పనిచేసే చోటునే గుడిగా చూసే మనిషి అని కింద రాసి ఆయన మనుషులు ఊరూరా గ్రూపుల్లో పంపారు. పండగ మూడు రోజులూ అత్వెల్లి రోడ్డు పక్కనున్న ఆయన ఆఫీసుకు జనం వచ్చి దండం పెట్టి పోయారట. టికెట్టు ఇచ్చే పెద్దమనిషి ఒకాయన స్వయంగా ఫోన్ చేసి, నీలో ఇంత భక్తి ఉందని తెలియదన్నారట. చైర్మన్ గారికీ అప్పటిదాకా తెలియదు, కానీ అంతమంది చెబుతుంటే నమ్మక తప్పలేదు.

పండగ తరవాత విచారణ కమిటీ కూర్చుంది. డాక్టర్ శశిధర్, హెచ్.ఆర్. మేనేజరు, నేను. ముగ్గురం సంతకం చేస్తే గానీ రిపోర్టు చెల్లదు. ఆ రిపోర్టు విదేశీ కంపెనీకి కూడా పోవాలి. మా వృత్తిలో ప్రమాదానికి మూలం పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది, ఎందుకు అని ఐదుసార్లు అడగాలి. ఆవిరి ఎందుకు వచ్చింది, గాలి ఆగింది గనుక. గాలి ఎందుకు ఆగింది, బ్లోయర్ ఆపారు గనుక. ఎందుకు ఆపారు? ఇక్కడికి వచ్చేసరికి మా కమిటీకి దగ్గు వచ్చేది. మూడో ఎందుకు అడిగితే జీతమిచ్చే మనిషి పేరు తగులుతుంది మరి. అందుకని వాళ్లిద్దరూ వేరే దారి వెతికారు. స్వరూప సీసా మూత తీసి హుడ్ బయట పెట్టింది, లేదా సాష్ దించకుండా పూజకు వచ్చింది, కాబట్టి ఆవిర్లు వ్యాపించాయి. బ్లోయర్ ప్రసక్తి లేదు. పూజ ప్రసక్తి అసలే లేదు. ఆమెను ఆ రోజు పని మొదలుపెట్టమన్నారా అని నేను శశిధర్‌ను అడిగాను. ఆయన అంత గుర్తులేదన్నారు.

స్వరూపను పిలిచారు. హెచ్.ఆర్. మేనేజరు ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. ఆ ఆప్యాయత చూసే నాకు అనుమానం రావలసింది. తప్పు ఒప్పుకుంటూ రెండు వాక్యాలు రాసిస్తే చాలని, ప్రొబేషన్ ఇంకొంత కాలం పొడిగించి, తరవాత చూద్దామని అన్నాడు. ఆ అమ్మాయి కాగితాన్ని వెనక్కి జరిపింది.

"నేను సాష్ దించే వచ్చిన సార్," అంది. "దించలేదని నా చేత్తోని నేనే రాసిస్తే, ఇగ రేపటి సంది నేను చెప్పేది ఎవరు నమ్ముతరు? మా నాయిన గూడ నమ్మడు."

రాసివ్వనని చెప్పి వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక మిగతా ఇద్దరూ పొగరుబోతు పిల్ల అన్నారు. నాకు ఒళ్లు మండింది. నేను సంతకం చేయనన్నాను. చేయకపోతే ఏం రాద్దామంటారు, రుజువేదీ అని శశిధర్ అడిగారు. ఆయన అడిగింది న్యాయమే. ఆమె సాష్ దించడం ఎవరూ చూడలేదు, అందరి కళ్లూ అమ్మవారి మీద ఉన్నాయి.

ఆ సాయంత్రం బస్సులో నా పక్క సీటు ఆయన చైర్మన్ గారి ఫోటో చూపించి, చూశారా సార్ ఎంత భక్తో అన్నాడు. అప్పటికి నాకు అది పదోసారి వచ్చింది, ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. ఇప్పుడు చూశాను. ముందు, మొదటి హుడ్ దగ్గర చైర్మన్ గారు ధారగా ఏడుస్తున్నారు. వెనక, చివరి హుడ్‌కు ఆనుకుని నిలబడ్డవాళ్లు కళ్లు పొడిగా, కుతూహలంగా మెడలు చాచి చూస్తున్నారు. ఆమె సాష్ ఎత్తి ఉంటే, సీసా బయట ఉంటే, మొదట ఏడవాల్సింది వాళ్లు. ల్యాబు ఆ చివర ఉన్న మందు ఈ చివరి మనిషిని ఏడిపించిందంటే ఒకటే దారి. బ్లోయర్ ఆగింది, మేడ మీది గాలి చిమ్నీలోంచి వెనక్కి తోసింది, పైగొట్టంలో ఉన్న ఆవిర్లు తలుపు తెరిచి ఉన్న హుడ్ ఏదో వెతుక్కుని అందులోంచి దిగాయి. తెరిచి ఉన్నది ఒక్కటే, అమ్మవారున్న మొదటి హుడ్. చివరిది మూసి ఉంది గనుకనే మొదటిదానిలోంచి వచ్చాయి. చైర్మన్ గారి కన్నీళ్లే ఆ అమ్మాయికి సాక్ష్యం.

చిక్కల్లా ఆ సాక్ష్యం అప్పటికే భక్తి ఖాతాలో జమైపోయింది.

మర్నాడు అత్వెల్లి ఆఫీసుకు వెళ్లాను. ఇంకా ఇద్దరు ముగ్గురు దండం పెట్టడానికి కూర్చుని ఉన్నారు. వాళ్లను పంపించాక ఫోటో ముందుపెట్టి, కాగితం మీద గొట్టాలు గీసి, మొత్తం వివరించాను. బాధితుల జాబితాలో మొదటి పేరు ఆయనదే రాయాలని, లక్షణం కన్నీళ్లు, కారణం బెంజైల్ బ్రోమైడ్ అని రాయాలని చెప్పాను. ఆయన ఫోటోను దగ్గరగా పెట్టుకుని తన మొహాన్ని తానే పరీక్షగా చూసుకున్నారు.

"అంటే నాకు భక్తి లేదంటవా ప్రభాకర్ సార్?"

భక్తి సంగతి నా విభాగంలోకి రాదని, కన్నీళ్ల సంగతి వస్తుందని అన్నాను. ఇది బయటికి పొక్కితే ఊళ్లో ఏమనుకుంటారో ఆయన చెప్పుకుపోయారు. టికెట్టు మాట కూడా వచ్చింది. నేను వింటూ కూర్చున్నాను. చివరికి నేను చెప్పింది ఒక్కటే. ఆ నీళ్లు మందువి కాదంటే మీ పక్కన ఏడ్చినవాళ్లవీ కావు, ఆ పిల్ల వల్ల ల్యాబులో ఎవరికీ ఏమీ కానట్టే, ఆమెను తీసేయడానికి కారణమే లేదు. మందువే అంటే అవి వచ్చిన దారి ఫోటోలో కనిపిస్తోంది, అప్పుడూ తప్పు ఆమెది కాదు. మీ కన్నీళ్లు భక్తివీ, తప్పు ఆమెదీ అని రెండూ రాయడానికి మాత్రం కుదరదు సార్ అన్నాను.

"సగం భక్తి, సగం మందు అని రాయరాదు?" అన్నారాయన.

నవ్వుతున్నారేమో అని చూశాను. నవ్వడం లేదు. ఫారంలో కారణం రాసే గడి ఉంది గానీ పాళ్లు రాసే గడి లేదన్నాను.

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. రోడ్డు అవతల ఒకప్పటి వాళ్ల తోట, ఇప్పుడు ప్లాట్ల రాళ్లు. నాతో అన్నట్టు కాకుండా, తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

"మా నాయిన మోటర్ బంద్ పెడితే, ఆ దినం మడిల నీళ్లు పారిచ్చెటోడు ఒక్కడు ఉండకపోతుండె. చూసుకున్నంకనే బంద్ పెడుతుండె. నేను మోటర్ సంగతి యాదుంచుకున్న, మడి సంగతి మరిసిన."

వెంటనే శశిధర్‌కు ఫోన్ చేశారు. పిల్లను పని మొదలుపెట్టమని నువ్వు చెప్పినవా లేదా అని ఒక్కటే అడిగారు. పండగ నుంచి ఎంత ప్రయత్నించినా గుర్తురాని విషయం శశిధర్‌కు ఆ ఫోన్‌లో టక్కున గుర్తొచ్చింది. మేము ఐదుసార్లు అడగలేకపోయిన ప్రశ్నకు పటేల్ ఒక్కసారి అడిగితే జవాబొచ్చింది. అలాంటి ప్రశ్నలు వేయడానికి నా దగ్గర అర్హతలన్నీ ఉన్నాయి గానీ భూములు లేవు.

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాశాను. యాజమాన్యం ఆదేశం మేరకు వార్షిక ఆచారం కోసం బ్లోయర్ ఆపారు, కింద చర్య నడుస్తుండగా ఆపారు, అలారం మూయించారు. కెమిస్టు తన సాష్ దించి ఉంచింది. బాధితుల్లో మొదటి పేరు చైర్మన్ గారిది. ముగ్గురం సంతకం చేశాం, శశిధర్ అందరికన్నా ముందు చేశారు. విదేశీ కంపెనీ ఏమంటుందోనని అందరూ బిక్కుబిక్కుమంటూ ఉంటే, వాళ్లు ఒకే ప్రశ్న పంపారు, వచ్చే ఏడాది ఆచారం ఏ తేదీన వస్తుంది, దాన్ని బట్టి ఆర్డరు పెట్టుకుంటామని. స్వరూప ఉద్యోగం ఖాయమైంది. ఆ రోజు ఆమె తండ్రి గేటు దగ్గర నాకు దండం పెట్టబోతే, నాకు కాదు మీ పిల్లకు పెట్టండి అన్నాను. ఆయనకు అర్థంకాలేదు, నేనూ విడమరచలేదు. ఊళ్లలో తిరిగే ఫోటోను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. దాన్ని సరిదిద్దడం నా విధుల్లో లేదు.

తరవాతి దసరాకు కొత్త పద్ధతి పెట్టాం. పూజ ముందురోజు సాయంత్రానికే హుడ్లన్నీ ఖాళీ కావాలి, బెంజైల్ బ్రోమైడ్ సీసాలు తాళంలోకి పోవాలి. బ్లోయర్ ఆపడానికి పర్మిట్ కావాలి. కింద ఏ పనీ నడవడం లేదని ల్యాబు తరఫున ఒక కెమిస్టు సంతకం చేశాకే ఖాజా భాయ్ మేడ ఎక్కాలి. ఆ ఏడు ఆ సంతకం స్వరూపది. ప్రతి హుడ్ దగ్గరికీ వెళ్లి, లోపల తొంగిచూసి, ఒక్కో సాష్ చేత్తో నొక్కి చూసి గానీ పెన్ను తీయలేదు. బయట ఖాజా భాయ్ చెప్పులు చేత్తో పట్టుకుని, జల్దీ చేయమ్మా అని బతిమాలుతున్నాడు. మోటరుకు రావాల్సిన విశ్రాంతి ఆలస్యమవుతోందని అతని బాధ.

పూజ బ్రహ్మాండంగా జరిగింది. జనం కిందటేటికన్నా రెట్టింపు వచ్చారు, ఊళ్ల నుంచి కూడా. ఫోన్లన్నీ పైకి లేచి, చైర్మన్ గారి మొహం మీద గురిపెట్టి ఉన్నాయి. ఆయన మొదటి హుడ్ ముందు చేతులు జోడించి నిలబడ్డారు. మంత్రాలు అయ్యాయి, హారతి కోసం బయటికి రావాలి, కళ్లలో చెమ్మ కూడా లేదు. వెనక ఎవరో, ఈసారి పటేల్‌కు భక్తి తగ్గినట్టుంది అని పక్కవాడి చెవిలో అన్నారు. అది నాకు వినిపించింది, ఆయనకూ వినిపించింది. తల తిప్పకుండా, పెదవులు కదిలీ కదలనట్టు నాతో అన్నారు.

"ప్రభాకర్ సార్, ఆ సీసా మూత జెర తీసి పెట్టిపిస్తే ఏం పోతుండె?"

పర్మిట్ మీద స్వరూప సంతకం అయిపోయిందన్నాను. ఆయన నిట్టూర్చి వాకిట్లోకి నడిచారు.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది కొద్దిగానే. బ్లోయర్ భక్తితో ఆగినా, బెల్టు తెగి ఆగినా ఆవిరికి తేడా తెలియదు, కాబట్టి ఆపేముందు కింద ఎవరు పనిచేస్తున్నారో చూడాలి. ఇంకొకటి, ల్యాబులో ఎవరి కళ్లలోనైనా నీళ్లు కనిపిస్తే మెచ్చుకునే ముందు ఒక క్షణం ఆగి, పైన బ్లోయర్ హోరు వినిపిస్తోందో లేదో వినాలి.